బల్బు మార్చే ముందు స్విచ్చు విప్పించండి

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక వీడియో తిరిగింది. స్విచ్చు ఆపాక కూడా ఎల్ఈడీ బల్బు సన్నగా వెలుగుతోందా, రాత్రంతా మిణుకుమిణుకుమంటోందా, కంగారు పడకండి, ఎల్ఈడీలకి ఇది మామూలే, బల్బు రెండు వైర్ల మధ్య అడ్డంగా, కాస్త కరెంటుని నిలవ ఉంచుకునే చిన్న కెపాసిటర్ ఒకటి కలిపితే ఆగిపోతుంది అని ఒకాయన చూపిస్తున్నాడు. కింద వరసగా దండాలు, చప్పట్లు. బరంపురంలో ఉంటున్న మా చిన్నాన్న కొడుకు, "మా ఇంట్లోనూ ఇంతే అక్కా, వేరే కంపెనీ బల్బు పెట్టాను, ఆగిపోయింది" అని రాశాడు.

ఆ వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. కెపాసిటర్ పెడితే నిజంగానే ఆగుతుంది. ఒక్కోసారి బల్బు మారిస్తే కూడా ఆగుతుంది. నా పేచీ అంతా ఏది ముందు, ఏది తరవాత అన్నదాని మీదే. స్విచ్చు ఆపినప్పుడు ఆగేది ఫేజా (కరెంటు తెచ్చే వైరు), న్యూట్రలా (తిరిగి తీసుకెళ్ళే వైరు)? అది తేలకముందే బల్బు మార్చేస్తే, ఇంట్లో ఎక్కడో తప్పుందని మనకి తెలియజేసిన ఒకే ఒక్క ఆధారాన్ని మన చేత్తో మనమే తీసి పారేసినట్టు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి ఇళ్ళు చూస్తూ పెరిగినదాన్ని, బళ్ళో పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని కాబట్టి ఈ విషయం మీద కొంచెం గట్టిగానే రాయాలనిపించింది.

పాత బల్బుకి తెలియనిది

60 వాట్ల పాత బల్బు వెలగాలంటే పావు ఆంపియరు పైచిలుకు కరెంటు కావాలి. వైర్ల మధ్యనుంచి అర మిల్లీ ఆంపియరు పారినా ఆ ఫిలమెంటుకి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఎల్ఈడీ బల్బు సంగతి వేరు. దాని లోపల ఏసీని డీసీ చేసే డయోడ్లు, వాటి వెనక ఒక కెపాసిటర్ ఉంటాయి. కట్టేసిన కుళాయిలోంచి కారే చుక్కలతో చెంబు నిండినట్టు, ఆ కాస్త కరెంటుతోనే కెపాసిటర్ నిండుతుంది. నిండగానే ఎల్ఈడీల్లోకి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. అదే మనకి కనిపించే మెరుపు. మళ్ళీ నిండుతుంది, మళ్ళీ మెరుస్తుంది. లోపలి సర్క్యూట్‌ని బట్టి కొన్ని బల్బులు ఆగి ఆగి మెరుస్తాయి, కొన్ని సన్నగా వెలుగుతూనే ఉంటాయి, కొన్నిటికి ఏమీ కాదు. కంపెనీ మారిస్తే ఆగిపోయింది అనేవాళ్ళ ఇంట్లో జరిగేది ఇదే. వైరులో కారే కరెంటు అలాగే ఉంది, దాన్ని చూపించని బల్బు వచ్చింది.

ఇంతకీ స్విచ్చు ఆపాక ఆ కరెంటు ఎక్కణ్ణించి వస్తోంది? ఒకే పైపులో పక్కపక్కనే పోయే రెండు వైర్లు చాలు. ఒకదానికొకటి తగలకపోయినా వాటి మధ్య కొంత కెపాసిటెన్స్, అంటే కెపాసిటర్ లాంటి గుణం, ఉంటుంది. పది మీటర్లు కలిసి నడిచిన వైర్ల మధ్య 230 వోల్టుల దగ్గర పదుల మైక్రో ఆంపియర్లు దాటుతాయి. మా వైపు పాత ఇళ్ళ పొడుగు తెలిసినవాళ్ళకి దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. వీధి అరుగు దగ్గర మొదలైన ఇల్లు సావిడి, నడవ, వంటిల్లు, పెరడు దాటుకుని నూతిగట్టు దాకా పోతుంది. బోర్డు నడవలో, బల్బు పెరట్లో. అంత పొడుగునా వైర్లు కలిసే నడుస్తాయి. పైగా శ్రావణ భాద్రపదాల్లో గోడలు చెమ్మ ఎక్కుతాయి. మట్టిగోడల్లో పాత వైరు తొడుగు పగిలిన చోట చెమ్మ కూడా కరెంటుకి దారే. వానాకాలంలో మిణుకు ఎక్కువై, వేసవిలో తగ్గుతోందంటే ఇన్సులేషన్ పాడైందన్న అనుమానం గట్టిగా పెట్టుకోవచ్చు.

2015 జనవరిలో చవగ్గా ఎల్ఈడీ బల్బులు ఇచ్చే ఉజాలా పథకం వచ్చింది. ప్రభుత్వం 2014లో 310 రూపాయలకి కొన్న బల్బు 2016కల్లా 38 రూపాయలకి దిగింది. ఆ పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీలు పంచారు. చాలా మంచి పని. కరెంటు బిల్లులు తగ్గాయి, మా పెరట్లో కూడా వెలుతురు పెరిగింది. కానీ బల్బులు మారిన ఇళ్ళల్లో వైర్లు మారలేదు. చెక్క పట్టీల మీద క్లిప్పులు కొట్టి లాగిన వైరింగు, నల్ల బేకలైట్ స్విచ్చులు, పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు ఉన్న ఇళ్ళల్లోకి మైక్రో ఆంపియర్లని కూడా పసిగట్టే దీపాలొచ్చాయి. ఏళ్ళ తరబడి ఎవరికీ కనిపించని తప్పులు ఒక్కసారిగా బయటపడటం మొదలైంది. జనం మాత్రం ఆ దీపాన్నే నిందించారు.

న్యూట్రల్ మీద స్విచ్చు ఉంటే ఏమవుతుంది? పాత బల్బయితే చక్కగా వెలుగుతుంది, చక్కగా ఆరుతుంది. తేడా కనిపించదు. కానీ ఆరిన బల్బు హోల్డర్లో ఒక పిన్నుకి నిండుగా 230 వోల్టులు ఉంటాయి. అక్కణ్ణించి కారే కాస్త కరెంటుతోనే ఎల్ఈడీ మిణుకుమంటుంది. మన ఇళ్ళల్లో ఎక్కువగా వాడే పిన్ను బల్బు హోల్డర్లో ఆ రెండు స్ప్రింగు పిన్నులూ బయటికే ఉంటాయి. స్విచ్చు ఆపాం కదా అన్న ధైర్యంతో తడిచేత్తో హోల్డరు తుడిచేవాళ్ళు, పండక్కి సున్నాలు వేస్తూ హోల్డరు విప్పేవాళ్ళు, ఇనప స్టూలెక్కి బల్బు తిప్పేవాళ్ళు తాకేది ఆ పిన్నునే.

తిత్లీ తుఫాను తరవాత మా వీధిలో

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా మీదుగా పోయింది. గజపతి జిల్లాలో కొండలు విరిగిపడ్డాయి, ఊళ్ళకి ఊళ్ళు చీకట్లో ఉన్నాయి. పర్లాకిమిడిలో స్తంభాలు ఎలా ఒరిగిపోయాయో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన లైన్‌మెన్లు పగలనక రాత్రనక కష్టపడ్డారు. కరెంటు వచ్చిన రాత్రి వీధి వీధంతా బయటికొచ్చి నిలబడింది.

ఆ తరవాతే మా ఎదురింటి పిన్నిగారింట్లో బల్బులన్నీ ఆపాక కూడా సన్నగా వెలగడం మొదలైంది. ఒక గదిలో కాదు, ఇల్లంతా. నడవలో బల్బు ఉండుండి మెరిసేది. తుఫానుకి లైన్లు తడిశాయి, ఆరితే సర్దుకుంటుందిలే అన్నారు అందరూ. కరెంటు వచ్చిందన్న సంతోషంలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సంక్రాంతికి సున్నాలు వేయించారు. సున్నం వేసే అబ్బాయి జాగ్రత్తగలవాడు. స్విచ్చులు ఆపించి, అది చాలక మెయిన్ దగ్గర ఫ్యూజు కూడా పీకించి పిన్నిగారి చేతికిచ్చాడు. నడవలో హోల్డరు మూత విప్పి, తడి కుంచె పట్టుకున్న చేత్తోనే లోపలి స్క్రూ తాకాడు. నిచ్చెన మీంచి వెనక్కి పడ్డాడు. గాదె పక్కన వరిగడ్డి మోపులుండబట్టి బతికిపోయాడు. మేం పరిగెత్తుకెళ్ళేసరికి పిన్నిగారు గుమ్మంలో నిలబడి వణికిపోతూ, "ఫ్యూజు నా చేతిలోనే ఉంది కదే అమ్మా!" అంటున్నారు. నిజంగానే ఆ తెల్ల పింగాణీ ముక్క ఆవిడ పిడికిట్లోనే ఉంది.

ఊళ్ళో పేరున్న పెద్దమేస్త్రీని పిలిపించాం. ఆయన హోల్డరు వైపు చూడనైనా చూడలేదు, తిన్నగా మీటరు దగ్గరికి వెళ్ళాడు. తుఫానులో తెగిన సర్వీసు వైరు మళ్ళీ కట్టినప్పుడు రెండు కోర్లూ అటూ ఇటూ అయ్యాయి. ఎండకీ వానకీ రంగు వెలిసిపోయిన వైరు, చీకట్లో పని, ఆత్రంగా చూస్తున్న జనం. దాంతో ఇంట్లో ఫేజ్ వైరంతా న్యూట్రల్, న్యూట్రల్ వైరంతా ఫేజ్ అయిపోయింది. ఫ్యూజు పీకితే తెగింది న్యూట్రలే. స్విచ్చులన్నీ ఆపినా, ఫ్యూజు పీకినా, ప్రతి హోల్డరుకీ, ప్రతి ఫ్యానుకీ, ప్రతి ప్లగ్గుకీ ఒక వైరులో నిండుగా కరెంటు ఉంది.

ఆ వైరు కట్టినవాళ్ళ మీద నాకు కోపం లేదు. తిండీ నిద్రా లేకుండా ఊరికి వెలుగు తెచ్చినవాళ్ళు వాళ్ళు. కానీ ఆ ఇంట్లో బల్బులు నెలల తరబడి ఏదో తప్పుందని చూపిస్తూనే ఉన్నాయి, వాటిని చూసినవాళ్ళం వీధిలో చాలామందిమి. ఇది మామూలే అనుకునే అలవాటే ఆ అబ్బాయిని నిచ్చెన మీంచి పడేసింది. అందుకే, భయపడొద్దు, ఇది సహజం అనే వీడియోలు చూస్తే నాకు కాలుతుంది.

ఇలా ఇల్లంతా తారుమారైందేమో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. మూడు రంధ్రాల సాకెట్టుకి ఎదురుగా నిలబడితే పైన ఎర్త్, కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. టెస్టర్ కుడివైపే వెలగాలి. ఒక్క సాకెట్టులో ఎడమవైపు వెలిగితే ఆ సాకెట్టు బిగించినవాళ్ళ పొరపాటు. ఇంట్లో అన్నిటిలోనూ ఎడమవైపే వెలుగుతోంటే, అందులోనూ ఈ మధ్యే సర్వీసు వైరో మీటరో మార్చి ఉంటే, తారుమారు మీటరు దగ్గరో స్తంభం దగ్గరో జరిగింది. మీటరు, స్తంభం వైపు పని సరఫరా సంస్థవాళ్ళదే. ఇంటి మేస్త్రీ అక్కడ చెయ్యి పెట్టకూడదు.

బల్బు తీసి చూడాలి

ఒక్క గదిలోనే మిణుకు ఉంటే ఆ గది స్విచ్చు చూడాలి. ఇక్కడే చాలామంది కుర్ర మేస్త్రీలు బోల్తా పడతారు. స్విచ్చు ఆపి, బోర్డు విప్పి, స్విచ్చు స్క్రూల మీద టెస్టర్ పెడతారు. ఒక స్క్రూ మీద వెలుగుతుంది, రెండోదాని మీద వెలగదు. "ఫేజ్ వచ్చింది టీచరమ్మా, బాగానే ఉంది" అని బోర్డు మూసేస్తారు.

ఆ పరీక్ష సరిపోదు. న్యూట్రల్ మీద స్విచ్చు ఉన్నా సరిగ్గా అలాగే కనిపిస్తుంది. ఎందుకంటే ఫేజ్ తిన్నగా బల్బుకి వెళ్ళి, బల్బులోంచి దాటి, వెనక దారిన స్విచ్చు దాకా వచ్చి ఆగుతుంది. టెస్టర్‌కి ఆ పాటి చాలు, వెలిగిపోతుంది. పిన్నిగారింటికి వచ్చిన పెద్దమేస్త్రీ మా ఇల్లు కూడా చూసిపెట్టాడు. అప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. ఆయన ముందు బల్బు ఊడదీసి నా చేతికిచ్చాడు. స్విచ్చు ఆపి ఉంచి, రెండు స్క్రూల మీదా టెస్టర్ పెట్టాడు. వంటింటి స్విచ్చులో ఒక స్క్రూ మీద టెస్టర్ ఎర్రగా వెలిగింది. ఫేజ్ స్విచ్చు దాకా వచ్చి ఆగిందన్నమాట, అది సరైన వైరింగు. పెరటి దీపం స్విచ్చులో మాత్రం రెండు స్క్రూల మీదా ఏమీ లేదు. ఆ స్విచ్చుకి అసలు ఫేజే రావట్లేదు. అది ఆపుతున్నది న్యూట్రల్‌ని. "ఇన్నాళ్ళూ నూతి దగ్గర తడికాళ్ళతో దీని కిందే నిలబడ్డారమ్మా" అన్నాడాయన, టెస్టర్ జేబులో పెట్టుకుంటూ.

టెస్టర్ని అంతగా నమ్మడానికీ లేదు. పక్క వైరు ప్రభావంతో ఊరికే వేలాడే వైరులో కూడా కాస్త వోల్టేజి పుడుతుంది, దానికే టెస్టర్ లోపలి నియాన్ దీపం మసకగా వెలగొచ్చు. అప్పుడు మంచి మేస్త్రీ టెస్ట్ ల్యాంపు తీస్తాడు. హోల్డరుకి రెండు వైర్లు తగిలించిన మామూలు 40 వాట్ల పాత బల్బే అది. అనుమానమున్న పిన్నుకీ, కచ్చితంగా న్యూట్రల్ అని తెలిసిన వైరుకీ మధ్య పెడితే నిజమైన ఫేజ్ దాన్ని భగ్గున వెలిగిస్తుంది, ప్రేరిత వోల్టేజి కదిలించను కూడా కదిలించలేదు. ఈ పనికి ఎల్ఈడీ పనికిరాదు. దేన్నీ పసిగట్టకపోవడం ఆ పాత బల్బుకి ఇక్కడ గుణమైంది.

ఇవన్నీ మీరే స్క్రూడ్రైవర్ పట్టుకుని చెయ్యండని నేను చెప్పట్లేదు. విప్పిన బోర్డులో వైర్లు తెరిచి ఉంటాయి. మేస్త్రీ చేత చేయించండి, కానీ ఏం చేస్తున్నాడో పక్కన నిలబడి చూడండి. బల్బు తీయకుండా టెస్టర్ పెడితే, బల్బు తీసి ఇంకోసారి పెట్టమని అడగండి.

మెట్ల దగ్గర రెండు చోట్ల స్విచ్చులుండే దీపం గురించి ఒక మాట. కింద ఒక స్విచ్చు, పైన ఒకటి, ఎక్కడ నొక్కినా వెలగాలి, ఆరాలి. దీనికి సరైన పద్ధతిలో ఫేజ్ ఒక స్విచ్చు నడిమి స్క్రూకి వచ్చి, రెండు వైర్ల మీదుగా రెండో స్విచ్చుకి పోయి, దాని నడిమి స్క్రూ నుంచి బల్బుకి వెళ్తుంది. వైరు ఆదా చెయ్యడానికి కొందరు రెండు స్విచ్చుల చివర్లకీ దగ్గర్లో దొరికిన ఫేజూ న్యూట్రలూ ఇచ్చేసి, నడిమి స్క్రూలని బల్బుకి కలుపుతారు. వెలుగుతుంది కూడా. కానీ ఆరిన స్థితుల్లో ఒకదాంట్లో బల్బు రెండు పిన్నులకీ ఫేజే ఉంటుంది. ఇలాంటి వైరింగు కనబడితే మిణుకు ఉన్నా లేకపోయినా పీకించెయ్యాలి.

అన్నిటికీ వైరింగేనా?

కాదు. ఈ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. పదిమంది ఇళ్ళల్లో మిణుకు ఉంటే అందులో చాలావాటికి కారణం ప్రమాదం లేనిదే కావచ్చు. చీకట్లో కనిపించేలా చిన్న ఎర్రదీపం ఉండే స్విచ్చుల్నే తీసుకోండి. ఆ దీపం వెలగడానికి కావలసిన కరెంటు బల్బులోంచే పోవాలి, కాబట్టి బల్బు మెరుస్తుంది. సరైన వైరింగులో కూడా ఫేజ్ స్విచ్చు దాకా దిగే వైరు, స్విచ్చు నుంచి పైకి పోయే వైరు ఒకే పైపులో ఉంటాయి. ఆ పొడుగు ఎక్కువైతే మిణుకు వస్తుంది. మిణుకు చూడగానే ఇల్లు తగలబడిపోతుందని భయపడక్కర్లేదు. మరి ఇంత గొడవ ఎందుకంటే, ప్రమాదం ఉన్న మిణుకూ, లేని మిణుకూ కంటికి ఒక్కలాగే కనిపిస్తాయి. ఆ రెండిటినీ విడదీసేది ఆ చిన్న పరీక్ష ఒక్కటే.

వెలుగుతుండగా మిణుకుమనే బల్బుది వేరే కథ. కాసేపు వెలిగి, వేడెక్కి, ఆరి, చల్లారి మళ్ళీ వెలిగే బల్బయితే తప్పు దాని లోపలే. అందులో ఎల్ఈడీ చిప్పులు వరసగా ఉంటాయి, ఒకదాని అతుకు వదులైతే వేడికి తెగుతూ చల్లదనానికి అతుక్కుంటూ ఉంటుంది. దాన్ని తీసి ఇంకో హోల్డర్లో పెట్టి చూడండి. అక్కడా అదే వేషం వేస్తే బల్బు మార్చుకోండి, మీ చిన్నాన్న కొడుకులు చెప్పింది నిజమే. మోటారు వేసినప్పుడల్లా ఇల్లంతా ఒక్కసారి మసకబారితే వోల్టేజి దిగుతోంది. 230కి అటూ ఇటూ 6 శాతం దాకా ఉండొచ్చు, అంతకు మించి రోజూ పడిపోతుంటే ఫిర్యాదు రాసివ్వాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే మిణుకుమంటే, అది చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది.

వీటికంటే నాకు ఎక్కువ భయం వేసేది స్విచ్చు మీద వేలు ఆనించగానే వెలుగు మారే దీపం. లోపల స్క్రూ వదులైంది. ఎల్ఈడీ లాగే కరెంటు కొంచెమే కదా, ఏమవుతుందిలే అనుకుంటాం. కానీ మన బోర్డుల్లో ఫేజ్ ఒక స్విచ్చు నుంచి పక్క స్విచ్చుకి లూపు వేసుకుంటూ పోతుంది. ఆ వదులు స్క్రూ మీదుగానే పక్కనున్న ఇస్త్రీపెట్టె కరెంటు కూడా పోతుండొచ్చు. ప్లాస్టిక్ కాలిన వాసన, బోర్డు మీద గోధుమరంగు మచ్చ, చెయ్యి పెడితే వెచ్చదనం, వీటిలో ఏదున్నా ఆ రోజే మెయిన్ ఆపి మేస్త్రీని పిలవాలి. సముద్రం గాలి తగిలే గోపాల్‌పూర్, సోంపేట వైపు ఇళ్ళల్లో అల్యూమినియం వైర్ల అతుకులు ఉప్పుకి తినేసి ఇలాగే వదులవుతుంటాయి.

వీధిలో న్యూట్రల్ తెగడం ఇంకా ఘోరం. కొన్ని ఇళ్ళల్లో దీపాలు మసకబారతాయి, పక్కిళ్ళల్లో కళ్ళు చెదిరేలా వెలుగుతాయి. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ పోతే తక్కువ లోడు ఉన్న ఇంటికి వోల్టేజి 400 వైపు ఎగబాకుతుంది. దీపం ఎప్పుడూ లేనంత ధగధగా వెలగడం చూశారంటే ఫోను తీసి ఎవరినో అడిగే లోపే మెయిన్ ఆపెయ్యండి. మా బంధువులింట్లో ఫ్రిజ్జూ టీవీ రెండూ ఆ అడగడంలోనే పోయాయి.

పాయింటుకి ఇంత

మేస్త్రీల మీద నెపం వేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఇల్లు కట్టేటప్పుడు వాళ్ళతో మనం బేరమాడేది పాయింటు లెక్కన. దీపానికి ఇంత, ఫ్యానుకి ఇంత, ప్లగ్గుకి ఇంత. బిగించిన దానికే డబ్బు. చివర్లో ఒక పూట కూర్చుని ప్రతి స్విచ్చూ ఫేజ్ మీద ఉందా, ఎర్త్ నిజంగా భూమిలోకి పోతోందా, 500 వోల్టుల మెగ్గర్ (వైరు తొడుగు బలం కొలిచే మీటరు) పెడితే ఇన్సులేషన్ ఒక మెగా ఓమ్ పైన చూపిస్తోందా అని పరీక్షించే పనికి మనం ఏమీ ఇవ్వం. ఇవ్వని పని ఎవరు చేస్తారు? ఎరుపు, పసుపు, నీలం ఫేజ్‌కి, నలుపు న్యూట్రల్‌కి, ఆకుపచ్చ ఎర్త్‌కి అన్న రంగుల నియమం ఉంది. వైరు చుట్ట మిగిలిపోయిందని నలుపునే ఫేజ్‌కి లాగమనేది చాలాసార్లు ఇంటి యజమానే.

కాబట్టి నా సలహా ఒకటే. పరీక్షకి విడిగా కూలి ఇవ్వండి. పాత ఇల్లయితే మేస్త్రీని ఒక పూటకి కుదుర్చుకుని, "కొత్తగా ఏమీ బిగించొద్దు మేస్త్రీగారూ, ఉన్నవన్నీ చూసిపెట్టండి" అని అడగండి. పెద్దమేస్త్రీకి నేను ఇలాగే చెప్పినప్పుడు ఆయన నమ్మలేనట్టు చూశాడు. చూడ్డానికి డబ్బిచ్చేవాళ్ళు ఎవరూ లేరు, అన్నీ పాడయ్యాక పిలుస్తారు అన్నాడు. పాతపట్నంలోనూ ఇటు మా వైపూ పనిచేసే మనిషి ఆయన, రెండు రాష్ట్రాల ఇళ్ళ బోర్డులూ విప్పి చూసినవాడు. ఈ విషయంలో ఏటికి అటైనా ఇటైనా ఒకటే తీరు అన్నాడు.

దీనికి ఎదురు వాదన కూడా విన్నాను. మా బళ్ళో తోటి టీచరు ఒకావిడ అద్దె ఇంట్లో ఉంటారు. "నేను బోర్డులు విప్పిస్తానంటే ఇంటాయన ఊరుకుంటాడా? ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోను?" అని అడిగారు. ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అద్దెకున్నవాళ్ళు అడగలేకపోవడం నిజం, అడిగితే గొంతెమ్మ కోరికల్లా చూడటం నిజం. ఆవిడ ఇంట్లో ఇంకో సంగతి బయటపడింది. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు కోసం వదిలిన చోటు ఖాళీగా ఉంది. ఇన్వర్టర్ పెట్టిన రోజు నుంచీ అది మాటిమాటికీ పడిపోతోందని, ఎవరో దాన్ని తీసేసి వైర్లు తిన్నగా కలిపేశారు.

అది పడిపోవడానికి కారణం ఉంది. ఆర్‌సీసీబీ చేసే పనల్లా ఫేజ్‌లో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా చూడటమే. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే ఆపేస్తుంది. అంతకంటే ఎక్కువ కరెంటు ఒంట్లోంచి పోతే గుండె లయ తప్పొచ్చు కాబట్టి ఆ హద్దు. ఇన్వర్టర్ కలిపినప్పుడు ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌ని మిగతా లైన్ల న్యూట్రల్‌తో కలిపేస్తే వెళ్ళిన దారి ఒకటి, వచ్చే దారి ఒకటి అవుతుంది, లెక్క కుదరక అది పడిపోతుంది. న్యూట్రళ్ళు విడదీయాల్సింది పోయి కాపలావాణ్ణే తీసేశారు. స్విచ్చు న్యూట్రల్ మీద ఉందో లేదో ఆర్‌సీసీబీ చెప్పదు, అది వేరే పరీక్ష. కానీ ఆ తప్పు పిన్నుని ఎవరైనా తాకిన క్షణంలో వాళ్ళని బతికించేది అదే. ఆర్‌సీసీబీ పెట్టించడం, స్విచ్చుల పరీక్ష, రెండూ చేయించమని తోటి టీచరుగారి ఇంటాయనకి మేమిద్దరం కలిసి వెళ్ళి చెప్పాం. న్యూట్రళ్ళు విడదీయించి ఆర్‌సీసీబీ పెట్టించాడు. స్విచ్చుల పరీక్ష పండగ తరవాత చూద్దామన్నాడు, ఇంకా చేయించలేదు. మళ్ళీ వెళ్ళాలి.

మా ఇంట్లో పెరటి దీపం స్విచ్చు ఫేజ్ మీదికి మార్పించాను. మేడ మెట్ల దీపం మాత్రం ఆ తరవాత కూడా ఆపాక సన్నగా మెరిసేది. అక్కడ బల్బు తీసి చూశాం, వైరింగు సరిగ్గానే ఉంది, మెగ్గర్ కూడా బాగానే చూపించింది. రెండు స్విచ్చుల మధ్య వైర్లు పొడుగునా కలిసి నడవడమే కారణం. దానికి 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఏసీ కెపాసిటర్, ఎక్స్2 అని రాసున్నది, బల్బుకి అడ్డంగా కలిపించాను. ఆ వీడియోలో ఆయన చూపించినలాంటిదే. పాత రేడియోల్లోంచి ఊడదీసిన కెపాసిటర్లు, ఫ్యాను కెపాసిటర్లు దీనికి వాడొద్దు. బరంపురం తమ్ముడికి కూడా ఇదే రాశాను, ముందు బల్బు తీసి స్విచ్చు చూపించరా, కెపాసిటర్ సంగతి ఆ తరవాత మాట్లాడుకుందాం అని. ఆదివారం మేస్త్రీని పిలుస్తున్నాడట.